ప్రింట్ తీస్తే పేజీ కుడిపక్క తెగిపోతోందా? ముందు ఈ ఒక్కటి చూడండి

నేను ఏ వీడియో పెట్టనివ్వండి, ఫోన్ గురించైనా, వైఫై గురించైనా, కింద ఒకటే ప్రశ్న. "అన్నా, వెబ్‌సైట్ నుంచి ప్రింట్ కొడితే కుడిపక్క కాలమ్ తెగిపోతోంది." "సార్, ఒక్క పేజీ రావాల్సింది రెండొస్తున్నాయి, రెండో దాంట్లో ఒకే ఒక్క లైను." హాల్ టికెట్టు, అడంగలు, కరెంటు బిల్లు, ఫీజు రసీదు... కాగితం ఏదైనా గొడవ ఒకటే.

దానికి కింద వచ్చే సలహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డ్రైవర్ తీసేసి మళ్ళీ వెయ్యమని ఒకరు. కంట్రోల్ మైనస్ కొట్టి స్క్రీన్ చిన్నది చేసి ప్రింట్ కొట్టమని ఇంకొకరు. ఆ జూమ్ మన కళ్ళ కోసం అండీ, కాగితానికి కాదు. కాగితానికి స్కేల్ అని వేరే సెట్టింగ్ ఉంది, దాని దగ్గరికి వస్తాను. ఇంకొకాయన ఏకంగా కొత్త ప్రింటర్ కొనుక్కోమన్నాడు. ఆగండి బాబూ, రూపాయి ఖర్చు లేని పని ఇది.

కంట్రోల్ పి కొట్టడం మీకు వచ్చు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడదాం. క్రోమ్‌లో ప్రివ్యూ పక్కన కింద 'మోర్ సెట్టింగ్స్' అని ఉంటుంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు. అసలు కథంతా అందులోనే ఉంది. తెరవగానే ముందు చూడాల్సింది పేపర్ సైజ్. అక్కడ 'లెటర్' అని ఉంటే, మీ దొంగ దొరికినట్టే.

లెటర్ అంటే అమెరికా, కెనడా వాళ్ళు వాడే కాగితం. 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ట్రేలో ఉండే ఏ4 వెడల్పు 210, పొడవు 297. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ బ్రౌజర్ 216 వెడల్పుకి పేజీ అమర్చి పంపితే, 210 కాగితం మీద ఆ ఆరు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? అంచున తెగుతాయి. కింద మాత్రం దాదాపు రెండు సెంటీమీటర్లు ఊరికే ఖాళీ. ఒకరి కొలతలకి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడిగినట్టు అన్నమాట. ఇది తిరగబడితే, అంటే బ్రౌజర్ ఏ4 అనుకుని ప్రింటర్ లెటర్ అనుకుంటే, అప్పుడు కింద లైన్లు ఎగిరిపోతాయి.

మరి మనం ఎప్పుడూ ముట్టుకోని లెటర్ మన కంప్యూటర్లోకి ఎలా వచ్చింది? విండోస్ వేసేటప్పుడు రీజియన్ దగ్గర 'ఇంగ్లిష్, యునైటెడ్ స్టేట్స్' అని ఉంటే అలాగే నెక్స్ట్ కొట్టేస్తాం. దాంతో పీడీఎఫ్‌గా సేవ్ చేసినా లెటరే వస్తుంది. లేదా ప్రింటర్ డ్రైవరే లెటర్‌తో వస్తుంది. ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. మా ఇంట్లో ఉన్న ప్రింటర్ కంపెనీ పేరు చెప్పను. దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నా ఏ4 పోయి లెటర్ వచ్చి కూర్చుంటుంది. ఇండియాలో అమ్మే ప్రింటర్, డబ్బా మీద ధర రూపాయల్లో, లోపల కాగితం మాత్రం అమెరికాది! ఇంక్ అయిపోయిందని రోజుకి పదిసార్లు గుర్తుచేసే తెలివి ఉంది, నేను పెట్టుకున్న సైజు గుర్తుపెట్టుకునే తెలివి లేదు.

అందుకే చెప్తున్నా, బాగా వినండి. పేపర్ సైజు రెండు చోట్ల ఏ4 ఉండాలి. ఒకటి బ్రౌజర్ ప్రింట్ విండోలో. రెండోది ప్రింటర్ సొంత సెట్టింగ్స్‌లో. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్ళి, మీ ప్రింటర్ మీద నొక్కి, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే అక్కడ ఉంటుంది. ఒక్కచోట మార్చి ఊరుకుంటే గొడవ అలాగే ఉంటుంది. రెండు చోట్లా.

ఫోన్ నుంచి తీసేవాళ్ళకి కూడా ఇదే. ఆండ్రాయిడ్ ప్రింట్ స్క్రీన్‌లో పైన చిన్న బాణం గుర్తు లాగితే పేపర్ సైజ్ కనిపిస్తుంది. అక్కడ 'ఐఎస్ఓ ఏ4' అని ఉంటుంది, అది పెట్టుకోండి. ఐఎస్ఓ అని చూసి కంగారు పడకండి, అది మన ఏ4నే. 1922లో జర్మనీ వాళ్ళు డిన్ 476 అని ఈ కొలతలు ఖాయం చేశారు, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైంది. సగానికి మడిచినా పొడవు వెడల్పుల నిష్పత్తి మారదు, అదే దాని అందం. ఒక షీటు మీద రెండు పేజీలు వేసినప్పుడు చక్కగా సరిపోయేది అందుకే.

సరే, సైజు సరిచేశారు. అయినా తెగుతోంది. అడంగల్ లాంటి పెద్ద పట్టికలకి ఇది మామూలే, కాలమ్స్ ఎక్కువ. ముందు లేఅవుట్ ల్యాండ్‌స్కేప్ పెట్టండి. అయినా పట్టకపోతే అప్పుడు స్కేల్. నాకు ఇష్టమైన సెట్టింగ్ ఇదే, దీని మీద గంట వీడియో చేయమన్నా చేస్తాను. డీఫాల్ట్ అని ఉన్నచోట కస్టమ్ పెట్టి 90 కొట్టండి, ప్రివ్యూ చూడండి. చాలకపోతే 85, 80. రెండో పేజీకి జారిన ఆ ఒక్క లైను చాలాసార్లు 95కే వెనక్కి వచ్చేస్తుంది. మరీ 60 కిందకి దిగితే మాత్రం భూతద్దం కావాలి. బార్‌కోడ్, క్యూఆర్ కోడ్ ఉన్న హాల్ టికెట్లని అసలు అంత చిన్నవి చేయకండి, గేటు దగ్గర స్కాన్ కాకపోతే పిల్లలు ఏడుస్తారు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే 'ఫిట్ టు పేజ్ విడ్త్' అని ఉంది, వెడల్పు అదే సర్దుకుంటుంది.

స్కేల్‌ని తిరగేసి కూడా వాడొచ్చు. మా అమ్మకి ఫోన్‌లో చదవడం గిట్టదు. తనకి నచ్చే వ్యాసాలు నేను ప్రింట్ తీసి ఇస్తుంటాను. ఫైర్‌ఫాక్స్‌లో ఫార్మాట్ దగ్గర 'సింప్లిఫైడ్' పెడితే ప్రకటనలు, పక్క మెనూలు అన్నీ పోయి ఒట్టి వ్యాసం మిగులుతుంది. స్కేల్ 130 చేస్తే కళ్ళజోడు లేకపోయినా చదివేస్తుంది. ఆ సింప్లిఫైడ్ ప్రతి పేజీకీ రాదు, వ్యాసంలా ఉన్నవాటికే వస్తుంది. క్రోమ్‌లో ఆ ఫార్మాట్ లేదు కానీ, కావాల్సిన భాగం మౌస్‌తో సెలెక్ట్ చేసి కంట్రోల్ పి కొడితే 'సెలెక్షన్ ఓన్లీ' అని టిక్కు కనిపిస్తుంది. అది పెట్టండి, మిగతా చెత్త రాదు.

మార్జిన్స్ దగ్గర జనం చేసే పని 'నన్' పెట్టడం. ఖాళీ తీసేస్తే ఎక్కువ పడుతుందని ఆశ. కానీ మన ఇళ్ళలో ఉండే ప్రింటర్లలో చాలావరకు కాగితం అంచుదాకా ఇంక్ వేయలేవు, చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తాయి. నన్ పెడితే ఆ మేరకు అక్షరాలు పోతాయి. 'మినిమమ్' పెట్టుకోండి, ప్రింటర్‌కి చేతనైనంతవరకు వెళ్తుంది.

పైన తేదీ, కింద ఆ పొడుగాటి వెబ్ అడ్రస్ వద్దనుకుంటే 'హెడర్స్ అండ్ ఫుటర్స్' టిక్కు తీసేయండి. పేమెంట్ రసీదు లాంటివాటికి మాత్రం నేను ఉంచుతాను, ఏ రోజు ఎక్కడి నుంచి తీశామో కాగితం మీదే ఉంటుంది. ఫొటోనో, రంగు పట్టీనో, లోగోనో రాకపోతే 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' టిక్కు పెట్టండి. ఇంక్ ఆదా అవుతుందని బ్రౌజర్లు దాన్ని ముందే ఆపి ఉంచుతాయి. బొమ్మల చోట ఖాళీ డబ్బాలు వస్తుంటే పేజీని చివరిదాకా ఒకసారి కిందికి లాగి అప్పుడు కొట్టండి, కొన్ని సైట్లలో కిందికి వెళ్తేగానీ బొమ్మలు లోడ్ కావు.

కొన్ని సైట్లలో లేఅవుట్, పేపర్ సైజ్ ఆప్షన్లే మాయమవుతాయి. మీ కంప్యూటర్ తప్పు కాదది. ఆ పేజీ రాసినవాళ్ళే కోడ్‌లో సైజు బిగించేశారు. అప్పుడు 'సేవ్ యాజ్ పీడీఎఫ్' చేసి, ఆ పీడీఎఫ్‌ని క్రోమ్‌లోనే తెరిచి ప్రింట్ కొట్టండి. స్కేల్ దగ్గర 'ఫిట్ టు పేపర్' అని కొత్తగా కనిపిస్తుంది, అది వాడండి. పీడీఎఫ్‌లో తెలుగు ఒత్తులు ఊడిపోయి వస్తే అక్కడే 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్కు పెట్టి చూడండి.

దీనికోసం ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ సైట్లు వెతికి, ఆధార్ కార్డులూ భూమి పత్రాలూ వాటిలోకి ఎక్కించకండి. ఆ ఫైల్ ఎవరి సర్వర్లో ఉంటుందో మీకు తెలియదు. బ్రౌజర్లోనే సేవ్ యాజ్ పీడీఎఫ్ ఉండగా ఇంకొకడితో పనేంటి?

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం ఇంకోసారి: పేపర్ సైజు ఏ4, బ్రౌజర్‌లో ఒకసారి, ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లో ఒకసారి. అది చూడకుండా మార్జిన్లు, స్కేలు మారుస్తూ కూర్చుంటే కాగితాలు దండగ.

ఇవన్నీ చేసినా కుదరకపోతే కింద రాయండి. "ప్రింట్ రావట్లేదు అన్నా" అని మాత్రం వదిలేయకండి. ఏ బ్రౌజర్, ఏ ప్రింటర్, రెండు చోట్లా పేపర్ సైజు ఏముంది, ఈ మూడూ చెప్పండి. సైట్ పేరు చెప్తే చాలు, ప్రివ్యూ ఫొటో పబ్లిక్‌గా ఎక్కడా పెట్టకండి, అందులో మీ నంబర్లుంటాయి.