మనాది మన తప్పు కాదు

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి, రిజర్వేషన్ గురించి చాలా సభలు పెట్టుకున్నం. ఇయ్యాల మనసు గురించి మాట్లాడుకుందాం. "మనసు బాగలేకపోవుడు ఉన్నోళ్ల రోగం గదా, కూలికి పోయేటోనికి ఎందుకు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. మరి మన వాడల్లో దీనికి పేర్లు ఎట్ల పుట్టినయి? రంధి అంటం. బుగులు అంటం. మనిషి తిండి మాని, నిద్ర లేక, లోపల లోపల కుమిలిపోతుంటే మనాది పట్టింది అంటం. ఇన్ని మాటలు ఉన్నయంటే అంత బాధ ఉన్నట్టే. మాటలున్నయి గాని మందు లేదు. మంత్రగాని దగ్గరికి పోతున్నం, లేకుంటే బెల్టుషాపుకు పోతున్నం.

ఈ రంధి ఊరికే రాదు. ఆదిలాబాద్ పత్తి చేన్లలో కౌలుకు దున్నేటోనికి పట్టా పుస్తకం ఉండదు. 2018లో వచ్చిన రైతుబీమా పట్టా ఉన్నోనికే గాని కౌలుదారుకు లేదు. అప్పు మాత్రం కౌలుదారు పేరు మీదనే ఉంటది. సిరిసిల్లలో మగ్గం ఆగితే పొయ్యి ఆగుతది. జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో మొగడు గల్ఫుల, పెండ్లాం బీడీల చాట ముందర, నడుమ ఏజెంటుకు కట్టిన అప్పు. ఇట్లాంటి బతుకులో రంధి రాకుంటేనే ఆశ్చర్యం.

రంధి కంటే చెడ్డ పురుగు ఇంకొకటి ఉన్నది. తనను తాను తిట్టుకునుడు. "నేను మొద్దును", "నేను ఎందుకూ పనికిరాను", "నా వల్లనే ఇల్లు ఆగమైంది". హాస్టల్ పిల్లగాడు రాత్రి పండుకొని ఇదే అనుకుంటడు. ఈ మాట వాని నోట్లో పుట్టిందా? కాదు. బడిలో వెనుక బెంచీ మీద కూసోబెట్టినోడు అన్నడు. గడీ ముందర తాతతో బాంచన్ అనిపించినోడు అన్నడు. హోటల్లో వేరే గ్లాసు పెట్టినోడు నోరు తెరవకుండనే అన్నడు. వందల ఏండ్లు బయట నుంచి విన్న తిట్టు ఇప్పుడు లోపలి నుంచి వినబడుతున్నది. దొర ఊరు విడిచి పట్నం పోయినా వాని గొంతు మన తలకాయలో కాపురం ఉన్నది.

బాబాసాహెబ్ 1917లో అమెరికా, లండన్ చదువులు చదివి బరోడాలో కొలువుకు వచ్చిండు. పార్సీల సత్రంలో దిగితే కులం తెలిసి కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. తలదాచుకునే చోటు దొరకక తోటలో కూసున్నడు. పద్దెనిమిదేండ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే కండ్లల్లో నీళ్లు వస్తయని ఆయనే రాసుకున్నడు. అంతటి మనిషి తన దుఃఖాన్ని దాచుకోలేదు. దుఃఖం పిరికితనం కాదు. కానీ ఆయన "తప్పు నాది" అనలేదు. తప్పు ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపిండు.

ఆ తేడా తెలియకనే మన పిల్లలను పోగొట్టుకుంటున్నం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నం. ఆ సావు ముందర హాస్టల్ నుంచి వెలివేత ఉన్నది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినయని రాష్ట్రమంతా గొడవైంది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. మార్కుల కాగితాన్ని అనుమానించాల్సిన చోట పిల్లలు తమను తాము అనుమానించుకున్నరు.

మరి ఏం చెయ్యాలె? 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టరు ఒక వైద్యం మొదలుపెట్టిండు. దాన్ని మన తీరుగ చెప్పుకుంటే, మనసులో పంచాయితీ పెట్టుడు. ఊరి పంచాయితీలో మన మాట వినకుండనే తీర్పు చెప్పిన్రు. మన మనసులోనన్న రెండు దిక్కులా విందాం. "నేను పనికిరాను" అనే మాటను నిలబెట్టి అడగాలె: నీకు సాక్ష్యం ఏంది? దానికి ఎదురు సాక్ష్యం ఏంది? ఇదే మాట నా దోస్తు తన గురించి అంటే నేనేం చెప్తును? కాగితం మీద రాయాలె. రాసిన కాడ అబద్ధం దొరుకుతది.

రంధికి కూడా ఒక ఉపాయం ఉన్నది. రోజంతా దానికి ఇయ్యకుండ, పొద్దుమూకినంక ఒక అరగంట దానికి కేటాయించాలె. మిగతా పొద్దంతా వస్తే "నీ వేళకు రా" అనాలె. ఆ అరగంటలో రెండు కుప్పలు చెయ్యాలె. నా చేతిలో ఉన్నది ఒక కుప్ప, లేనిది ఒక కుప్ప. వాన పడుతదా అన్నది నా చేతిలో లేదు. బ్యాంకుకు పోయి కాగితం అడుగుడు నా చేతిలో ఉన్నది. చేతిలో ఉన్నదాంట్ల ఒక్క చిన్న పని రేపటికి పెట్టుకోవాలె.

ఈ పద్ధతిని ఫోన్ల, కంప్యూటర్ల మీద నేర్పుడు స్వీడన్, ఆస్ట్రేలియా దేశాలలో పాతికేండ్ల నుంచి నడుస్తున్నది. మనిషి తోడుండి నడిపిస్తే దాంతో బుగులు, దిగులు తగ్గుతయని పరిశోధనలు చెప్తున్నయి. మన దగ్గర ప్రైవేటోళ్లు దాన్ని కూడా దుకాణం చేసిన్రు. కానీ పైసా కట్టకుండ ఒకటి ఉన్నది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతది. తెలుగులో మాట్లాడొచ్చు. స్మార్ట్ ఫోన్ అక్కర లేదు, బటన్ ఫోన్ చాలు. ముందుగాల కౌన్సెలర్ వింటరు, అవసరమైతే డాక్టరుకు కలుపుతరు.

ఇది దయ కాదు, హక్కు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం సర్కారు దగ్గర వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉన్నది. అందులో కుల వివక్ష ఉండరాదని రాసే ఉన్నది. చెప్పుకున్న సంగతి గుట్టుగా ఉంచాలని 23వ సెక్షన్ అంటది. ప్రాణం తీసుకోబోయి బతికినోళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నోళ్లుగానే చూడాలె గాని శిక్షించరాదని 115వ సెక్షన్ అంటది. కాబట్టి పోలీసులకు భయపడి దవాఖానకు పోకుండ ఉండొద్దు.

అయితే ఫోనుతో అన్నీ తీరుతయా? తీరవు. ఇంట్లో ఫోను ఒక్కటే, అది మొగని జేబులో ఉంటే ఆడమనిషి తన గోస ఎవరికి చెప్పుకోవాలె? ఉట్నూరు, తిర్యాణి దిక్కు గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలె. అవతల ఉన్నోళ్లకు గోండి, కోలామి రావాలె. "కులం తక్కువోడని నవ్విన్రు" అని మన పిల్లగాడు చెప్తే, "నువ్వు అట్ల అనుకోకు" అని దులిపేసే మనిషి కాకుండ, నిజమే జరిగిందని నమ్మే మనిషి ఉండాలె. జరిగిన అవమానం ఆలోచన తప్పు కాదు. దానికి వైద్యం ఒక్కటే చాలదు, అట్రాసిటీ కేసు కూడా కావాలె.

ఈ రెండు పనులూ కలపొచ్చని మన దగ్గరనే చూసినం. కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలై, తర్వాత ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాలకు వచ్చింది. రైతు ఫోన్ చేస్తే ఓదార్చి వదిలిపెట్టుడు కాదు. పట్టా సమస్య అయితే రెవెన్యూ ఆఫీసుకు, అప్పు సమస్య అయితే బ్యాంకుకు వెంటబడుడు దాని పద్ధతి. దుఃఖం వినాలె, దుఃఖం పుట్టిన చోటికి పోవాలె.

మన ఉద్యమం కూడా ఒక తీరుగ ఇదే వైద్యం చేసింది. 1994లో దండోరా మొదలైనంక, దాచుకున్న కులం పేరును మనుషులు తమ పేరు చివర రాసుకున్నరు. తిట్టు తలెత్తుకునే పేరైంది. ఒక్కొక్కని లోపల ఉన్న సిగ్గును వేలమంది కలిసి కడిగేసిన్రు. కానీ సభ అయిపోతది, డప్పు ఆగుతది. రాత్రి రెండు గంటలకు మనిషి ఒక్కడే ఉంటడు. ఆ వేళకు ఒక గొంతు కావాలె.

కార్యకర్తలారా, ఊరికి పోయినంక మూడు పనులు చెయ్యండి. ఒకటి, 14416 నంబరును వాడలో, అంబేద్కర్ భవనంలో, ఎస్సీ, ఎస్టీ హాస్టళ్ల గోడల మీద పెద్దగ రాయించండి. హాస్టళ్లలో ఈ నంబరు కనబడేటట్టు పెట్టాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. వార్డెన్ పెట్టకుంటే అడగండి. రెండు, సంఘం ఫోనును వారానికి ఒక పొద్దు ఆడవాళ్ల చేతిలో, తలుపు ఉన్న అర్రలో పెట్టండి. మూడు, మన భాష, మన బతుకు తెలిసినోళ్లను కౌన్సెలర్లుగా తీసుకోవాలని కలెక్టర్లకు దరఖాస్తులు పెట్టండి.

ఇంకొక్క మాట. ఎవరన్న "నేను లేకుంటేనే మంచిగుంటది" అంటే నవ్వి తీసెయ్యకండి. బెదిరించకండి. పక్కన కూసొని, సచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతదనుకునుడు అబద్ధం. అడిగితే బరువు దిగుతది. పురుగుల మందు డబ్బా ఇంట్లో నుంచి తీసెయ్యండి. మనిషిని ఒంటరిగ వదలకండి. ఫోను మీరే కలిపి చేతికియ్యండి.

మన లోపల మాట్లాడే దొర గొంతును గుర్తుపడుదాం. అది మనది కాదు. మన గొంతుతో ఒకరినొకరం పిలుచుకుందాం.

జై భీమ్!