పని చెప్పడం వేరు, పని అప్పగించడం వేరు

ఈ ఎపిసోడ్ కొత్తగా మేనేజర్ అయినవాళ్ల కోసం. అమలాపురంలో మొబైల్ షాపు కావచ్చు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కావచ్చు, రాజోలు వైపు రొయ్యల చెరువులు కావచ్చు. మీ కింద నలుగురు మనుషులున్నారు. అయినా మీ ఫోను పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. "ఇది చెయ్యమంటారా అండీ? అది ఇచ్చెయ్యమంటారా అండీ?" భోజనం దగ్గర కూడా అదే గోల.

అప్పుడు మనం ఏమంటాం? "మా వాళ్లకి బొత్తిగా బుర్ర లేదండీ, అన్నీ నేనే చూసుకోవాలి" అంటాం. ఒక్కసారి ఆలోచించండి. వాళ్లకి బుర్ర లేదా, లేక దాన్ని వాడుకునే అధికారం మనం ఇవ్వలేదా?

ఒక ఉదాహరణ చూద్దాం. రొయ్యల చెరువులో పగలు నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది. కానీ రొయ్యలు, నాచు, అడుగున ఉన్న బురద, అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సరిగ్గా తెల్లవారేముందు చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ టైమ్‌లో కరెంటు పోయిందనుకోండి. ఏరేటర్లు ఆగిపోతాయి. గట్టు మీద కాపలా మనిషి ఉన్నాడు, పక్కనే జనరేటర్ ఉంది. కానీ "నన్ను అడక్కుండా జనరేటర్ వెయ్యొద్దు, డీజిల్ దండగ" అని ఓనర్ ఎప్పుడో చెప్పాడు. ఆయన ఫోను సైలెంట్‌లో ఉంది. వీడు చేస్తూనే ఉన్నాడు, ఆయన ఎత్తడం లేదు. కాసేపటికి రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. మిగిల్చిన డీజిల్ ఎంత, పోయిన పంట ఎంత?

ఇక్కడ ఓనర్ పని చెప్పాడు గానీ అప్పగించలేదు. కాపలా ఇచ్చి, నిర్ణయం తన జేబులో పెట్టుకున్నాడు.

అదే ఇలా చెప్పి ఉంటే? "బాబాయ్, కరెంటు పోతే నన్ను అడగొద్దు. ముందు జనరేటర్ వెయ్యి, ఏరేటర్లు తిరిగాక ఫోన్ చెయ్యి. డీజిల్ ఈ గీత కిందకి దిగితే నువ్వే తెప్పించు, డబ్బులు ఇవిగో. మందులు కొట్టాలన్నా, పట్టుబడి పెట్టాలన్నా మాత్రం నన్ను అడుగు." ఇందులో నాలుగున్నాయి చూడండి. ఏం సాధించాలి, దానికి కావాల్సిన డబ్బు, ఎక్కడివరకు నీ ఇష్టం, నాకు ఎప్పుడు చెప్పాలి. ఈ నాలుగూ ఇస్తేనే పని అప్పగించినట్టు. పగలే ఒకసారి మీ ముందు జనరేటర్ వేయించి చూస్తే ఇంకా మంచిది. రాత్రి చీకట్లో నేర్చుకునే పని కాదు కదా అది.

"అది చిన్న పని కాబట్టి సరిపోయింది, పెద్ద పనులు అలా వదిలేస్తామా?" అని మీకు అనిపించొచ్చు. మన కోనసీమకి నీళ్లు ఎలా వచ్చాయో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. 1848లో కాటన్ దొర ఆరోగ్యం పాడై సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లాల్సొచ్చింది. పని సగంలో ఉంది. ఫోన్ లేదు, వాట్సాప్ లేదు, ఉత్తరం ఓడ ఎక్కి పోవాల్సిందే. బాధ్యత కెప్టెన్ ఓర్ తీసుకున్నాడు. కాటన్ 1850లో తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. వేలమంది కూలీలని కూడగట్టి పని చేయించడంలో ఆయనకి అండగా నిలబడింది మన తెలుగువాడు వీణెం వీరన్న. ఇక్కడి జనం, ఇక్కడి భాష తెలిసిన మనిషి. ఆ పని దొర చేతుల్లో ఉంటే అంత సాగేదా?

తర్వాత ఆ నీళ్లు రాజోలు వైపు రావాలంటే వైనతేయ పాయ దాటాలి. అందుకే పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు కట్టారు. 49 కమాన్లు, ఒక్కోటి 40 అడుగులు. దాన్ని దగ్గరుండి కట్టించింది లెఫ్టినెంట్ హేగ్ అనే జూనియర్ ఆఫీసర్. ఇప్పుడు మనం చూసే కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, పాతది ఆ పక్కనే ఉంటుంది. ఈసారి వెళ్తే ఆగి చూడండి. నదిలో పునాది పని వరద తగ్గాక మొదలుపెట్టి, మళ్లీ వరద వచ్చేలోపు ఒక దరికి చేర్చాలి. ప్రతి రాయికీ ధవళేశ్వరం నుంచి పర్మిషన్ రావాలంటే కుదిరే పనేనా?

సరే, ఇప్పుడు అసలు కష్టం. అప్పగించాక వాడు మీలా చెయ్యడు. మీకు గంట పట్టే పని వాడికి రెండు గంటలు పట్టొచ్చు. అప్పుడు చెయ్యి దురద పెడుతుంది. "నువ్వు తప్పుకో, నేను చేస్తా" అంటాం. అలా ఒక్కసారి లాక్కున్నారా, వాడు మళ్లీ ఆ పని తన మీద వేసుకోడు. మళ్లీ "ఏం చెయ్యమంటారు అండీ" దగ్గరికే వస్తాడు.

ఇంకో మాట. పని అప్పగించినా బాధ్యత మీదే. తేడా వస్తే పైవాళ్ల దగ్గర "మా వాడు చెడగొట్టాడండీ" అనకండి. అక్కడ మీరు నిలబడండి, తర్వాత వాడితో విడిగా మాట్లాడండి. మంచి జరిగితే మాత్రం వాడి పేరే చెప్పండి. మనిషికి ధైర్యం అక్కడే వస్తుంది.

మరి అన్నీ వదిలెయ్యాలా? అక్కర్లేదు. రెండు ప్రశ్నలు వేసుకోండి. నేను ఫోన్ ఎత్తేలోపు నష్టం జరిగిపోతుందా? అయితే ఆ నిర్ణయం అక్కడున్న మనిషికి ఇవ్వాల్సిందే. తప్పు జరిగితే మళ్లీ దిద్దుకోగలమా? దిద్దుకోగలిగితే ధైర్యంగా ఇవ్వండి. ఆలస్యమైనా పర్లేదు, తప్పు జరిగితే మాత్రం దిద్దుకోలేం అనుకున్నవి మీ దగ్గర ఉంచుకోండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీకు వచ్చే ఫోన్లలో ఏ ప్రశ్న ఎక్కువసార్లు వస్తుందో రాసుకోండి. ఆ ఒక్క నిర్ణయం, దానికి కావాల్సిన డబ్బుతో సహా, అడిగినవాళ్లకే ఇచ్చెయ్యండి. నెల రోజులు లాక్కోకండి. ఫోను ఎంత తగ్గిందో మీకే తెలుస్తుంది. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.