యాత్రలో ఆఖరి రోజు



విహారయాత్ర అనగానే మనం మొదటి రోజు గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి, చిత్రాన్నం ఎవరింటి నుంచి రావాలి, బొరుగుల మూట ఎవరు మొయ్యాలి, ఇదే గొడవ. ఇక ఆఖరి రోజు సంగతి ఎవరికీ పట్టదు. అది తిరుగు ప్రయాణం, అంతే. దారిలో తగిలిన గుడికల్లా ఒక దండం పెట్టి, అర్ధరాత్రి దాటాక ఊరు చేరి, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లకు పోవడం. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఆఖరి రోజు గురించే. బడి పిల్లల్ని యాత్రలకు తీసుకుపోయే ఉపాధ్యాయులు, భజన మండలితోనో బంధువులతోనో బస్సు మాట్లాడుకుని పోయేవాళ్లు కాస్త చెవి ఒగ్గి వినండి.

ముందు ఒక మాట. మాది పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. బడి నుంచి యాత్రకు పోతే మేము దాన్ని కన్నడంలో 'ప్రవాస' అంటాం. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి ప్రవాసం అంటే సొంత ఊరు వదిలి ఇంకోచోట బతకడం. మాటల్లో ఇలాంటి తేడాలు సరిహద్దు ఊళ్లలో ఉండేవే, నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ మా తాలూకాలో ఈ రెండు అర్థాలూ ఒకే పిల్లవాడి జీవితంలో కలుస్తాయి. వానలు తక్కువ, శెనక్కాయ పంట ఒక ఏడు వస్తే రెండేళ్లు రాదు. కూలికి, కట్టడం పనులకు బెంగుళూరు పోయిన కుటుంబాలు ఎన్నో. అమ్మా నాయనా అక్కడ, పిల్లలు ఇక్కడ అవ్వ దగ్గర. అలాంటి పిల్లవాడికి బస్సు ప్రయాణం అంటే పండక్కి అమ్మను చూడడానికి పోవడం, పండగ మరునాడు ఏడుస్తూ తిరిగి రావడం. ప్రయాణంలో ఆఖరి రోజు ఎలా ఉంటుందో ఆ పిల్లవాడికి మనకంటే బాగా తెలుసు. అందుకే ఆ రోజును అశ్రద్ధ చేయొద్దని నేను పట్టుబడతాను.

ఇప్పుడు మామూలుగా జరిగేది చూడండి. మూడు రోజుల యాత్ర అనుకుందాం. మొదటి రోజు ఉత్సాహం, రెండో రోజు అలవాటు. మూడో రోజు పొద్దున లేచేసరికి డ్రైవరుకు రెండు రాత్రుల నిద్ర బాకీ, వంటవాడికి విసుగు, పిల్లలకు గొంతులు బొంగురు. సరిగ్గా ఆ రోజే పెద్దలకు ఆశ పుడుతుంది. 'ఇంత దూరం వచ్చాం, పక్కనే కదా, అది కూడా చూసేద్దాం' అంటారు. పక్కనే అన్నది నలభై కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ గంట అనుకున్నది రెండు గంటలు అవుతుంది. ఆ పోయిన గంటను రోడ్డు మీద సంపాదించాలని చూస్తారు. ప్రమాదం ఎక్కేది అక్కడే.

ప్రమాదం అన్న మాట మా ఊరివాళ్లకు ఊరికే వినిపించదు. 2022 మార్చి 19న హొసకోట నుంచి పావగడకు పోతున్న ప్రైవేటు బస్సు పళవళ్లి చెరువు కట్ట దగ్గర బోల్తా పడింది. బస్సు నిండా కిక్కిరిసిన జనం, అందులో చదువుకునే పిల్లలు ఎక్కువ. ప్రాణాలు పోయాయి, ఎందరో గాయపడ్డారు. అది యాత్ర బస్సు కాదు, రాత్రి కూడా కాదు. శనివారం ఉదయం, రోజూ పోయే దారి. పట్టపగలు, తెలిసిన రోడ్డు మీదే అలా జరిగితే, తెలియని రోడ్డు మీద, అలసిపోయిన డ్రైవరుతో, రాత్రి పూట ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. 2024 డిసెంబరులో ముర్డేశ్వర సముద్ర తీరాన కోలారు జిల్లా నుంచి యాత్రకు పోయిన నలుగురు బడి ఆడపిల్లలు మునిగిపోయారు. ఆ వార్త విన్న రోజు సరిహద్దు ఊళ్లలో ఎంతమంది తల్లులు తమ పిల్లల్ని ఇక యాత్రకు పంపం అన్నారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాళ్లను తప్పు పట్టలేం. కానీ పంపకపోతే నష్టపోయేది మళ్లీ ఆ పిల్లలే. కాబట్టి పంపే ధైర్యం వాళ్లకు కలిగించడం మన పని.

2023 డిసెంబరులో మా పిల్లలతో మేము చేసిన యాత్రను ఉదాహరణగా చెప్తాను. యాభై రెండు మంది పిల్లలు, నలుగురు టీచర్లు. ప్రణాళిక వేసేటప్పుడు కాగితం మీద మొదట రాసిన వాక్యం, 'మూడో రోజు సాయంత్రం ఐదింటికి హొసకోట బస్టాండు'. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ పోయాం. మొదటి రోజు తాడిపత్రి గుళ్లు, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బెలుం గుహలు. రెండో రోజు పొద్దున గండికోట, పెన్నా నది కొండను చీల్చిన లోయ. ఆ సాయంత్రం కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. ఐదెకరాలకు పైగా పరుచుకున్న ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. రాత్రి కదిరిలో బస. మూడో రోజుకు ఒకే ఒక్క చోటు ఉంచుకున్నాం, లేపాక్షి. దారిలో పెనుకొండ చూద్దామని ఒకరు, పుట్టపర్తి అని ఒకరు అడిగారు. రెండూ మంచి చోట్లే. కానీ ఆఖరి రోజు ఒక్కటే అని ముందే తీర్మానం.

ఒక్కటే చోటు అయితే ఏమవుతుందంటే, చూడడానికి తీరిక దొరుకుతుంది. పొద్దున పదింటికి లేపాక్షిలో దిగాం. మొదట నంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకే రాయి. ఎంత పొడవో నేను చెప్పలేదు. చేతులు చాచి వరసగా నిలబడండి, తల నుంచి తోక దాకా ఎంతమంది పడతారో చూడండి అన్నాను. అరగంట దానికే పోయింది. పోనీ, అరగంట ఉంది కదా మా దగ్గర!

గుడి పదహారో శతాబ్దంలో, అచ్యుత దేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరుపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ కట్టించింది. వేలాడే స్తంభం గురించి మీకు తెలుసు. నేల మీద పూర్తిగా ఆనదు, కింద గుడ్డ దూరుతుంది. వచ్చిన ప్రతివాళ్లూ తువ్వాలు దూర్చి లాగి ఫోటో తీసుకుని, గుడి చూసేశాం అని వెళ్లిపోతుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. మా వాళ్లలో ఒక్క పిల్లవాడితో ఒక్కసారి చేయించి, తలెత్తి పైకప్పు చూడమన్నాను. అసలు లేపాక్షి పైకప్పు మీద ఉంది. ఆ రంగుల బొమ్మల్లో దేవుళ్లతో పాటు మనుషులున్నారు, మనుషుల ఒంటి మీద బట్టలున్నాయి. ఆ చీరల మీద చారలు, గళ్లు, పూలు, అంచులు ఒకదానికి ఒకటి పోలిక లేకుండా ఉంటాయి.

హొసకోట పట్టు చీరలు నేసే ఊరు. పిల్లల్లో సగం మంది మగ్గం చప్పుడుకు నిద్రలేచేవాళ్లు. ఒక అమ్మాయి మెడ పైకెత్తి చాలాసేపు చూసి, 'సార్, ఆ అంచు మా నాయన నేస్తాడు' అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. గుడి బయటి ప్రాకారంలో లతా మండపం ఉంది. అక్కడి స్తంభాల మీద ఒక ముఖాన చెక్కిన తీగ, పువ్వు ఇంకో ముఖాన కనిపించదు. ఈ నమూనాలు ధర్మవరం చీరల అంచుల్లోకి కూడా వచ్చాయి. అందరినీ అక్కడికి తీసుకుపోయి, ముందే తెచ్చిపెట్టుకున్న గ్రాఫు కాగితాలు పంచాను. జాకార్డు అట్టలు కొట్టే ముందు డిజైను గీసేది గ్రాఫు కాగితం మీదే అని ఆ పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెండు గంటలు కదలకుండా గీశారు. తరగతిలో పది నిమిషాలు కుదురుగా కూర్చోని ఇద్దరు మగపిల్లలు కూడా గీశారు. గళ్లు లెక్కపెట్టడంలో తప్పు చేసిన వాడికి పక్కవాడు దిద్దాడు.

అదే ప్రాకారంలో కల్యాణ మండపం సగంలో ఆగిపోయి ఉంది. స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడని విరుపణ్ణ మీద నింద వచ్చిందని, ఆయన తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని అక్కడ కథ చెప్తారు. గోడ మీద ఎర్ర మచ్చలు చూపిస్తారు. కథ నిజమా అని పిల్లలు అడిగారు. చరిత్రకు దానికి ఆధారం లేదు, జనం చెప్పుకునే కథ అన్నాను. కానీ డబ్బు లెక్క అన్నది ఎంత బరువో చెప్పడానికి ఆ కథ బాగా పనికొచ్చింది. ఎందుకంటే మా లెక్క కూడా ఆ నీడలోనే చదివాం.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. గుంపుగా చేసే యాత్రల్లో స్నేహాలు చెడేది డబ్బు దగ్గరే. ఎంత వసూలైంది, డీజిలుకు ఎంత, టోలుకు ఎంత, మిగిలింది ఎక్కడ పోయింది అన్నది ఎవరూ నోరు తెరిచి అడగరు, మనసులో పెట్టుకుంటారు. ఊరు చేరాక ఆరు నెలలు గుసగుసలు. ఆఖరి రోజు మధ్యాహ్నం, అందరూ ఒకచోట ఉన్నప్పుడు, లెక్క గట్టిగా చదివేయాలి. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు రోజూ ఖర్చు రాశారు. ఆ పుస్తకం వాళ్లే నిలబడి చదివారు. మిగిలింది 1,340 రూపాయలు. తలా ఇరవై ఐదు తిరిగి ఇవ్వాలా, ఐస్ క్రీములు తినాలా అని పెద్ద చర్చ. నేను మధ్యలో దూరలేదు. చివరికి ఒక పిల్లవాడు, 'రానివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు కదా' అన్నాడు.

అవును, తొమ్మిది మంది రాలేదు. ఇద్దరికి ఒంట్లో బాగలేదు. మిగతా ఏడుగురు డబ్బు కట్టలేక రాలేదు. నలుగురు బెంగుళూరులో అమ్మానాయనలున్న పిల్లలే. యాత్ర నుంచి తిరిగొచ్చిన మరునాడు తరగతిలో ఏం జరుగుతుందో టీచర్లకు తెలుసు. పోయినవాళ్లంతా ఒక జట్టు, పోనివాళ్లు గోడవైపు చూస్తూ ఒక జట్టు. ఆ వారం రోజులూ ఆ పిల్లలకు నరకం. కాబట్టి ఆఖరి రోజున రానివాళ్లను తలుచుకోవడం కూడా ఒక కార్యక్రమం కావాలి. ఆ డబ్బుతో ఏ బొమ్మలో కొనకుండా, ఇంకో కట్ట గ్రాఫు కాగితాలు, రంగు పెన్సిళ్లు కొందామని వాళ్లే తేల్చారు. గీసిన నమూనాలు రానివాళ్లకు ఇచ్చి, వాళ్ల చేత రంగులు వేయించాలని.

రెండింటికి బస్సు కదిలింది. హిందూపురం, మడకశిర మీదుగా పావగడ దారి. బస్సు ఎక్కే ముందు తలలు లెక్కపెట్టాం, ఎక్కాక ఇంకోసారి. డ్రైవరన్నకు మధ్యాహ్నం భోజనం తర్వాత గంటసేపు చెట్టు కింద పడుకోమని చెప్పాం. ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఈ ఒక్క గంట ఏ యాత్రలోనూ తగ్గించకండి.

మా పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ తెలుగు చదవడం రాదు. మూడు రోజులుగా దారి పొడుగునా బోర్డులు చూసి చూసి, కన్నడ అక్షరానికి తలకట్టు మారిస్తే తెలుగు అవుతుందని కొందరు పట్టేశారు. పోయేటప్పుడు 'తాడిపత్రి' కూడబలుక్కోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. వచ్చేటప్పుడు 'మడకశిర' ఎవరూ ఆగకుండా చదివారు. తెలుగు బోర్డులు అయిపోయి కన్నడ బోర్డు కనబడగానే బస్సంతా కేకలు. రెండు లిపులూ చదవగలవాడు సరిహద్దులో ధనవంతుడు అని నేను పిల్లలతో అంటుంటాను. వాళ్లకు అది ఎంతవరకు ఎక్కిందో తెలియదు గానీ, కేకలు మాత్రం గట్టిగానే వేశారు.

ఐదుంపావుకు బస్టాండులో దిగాం. వెలుతురు ఉంది. అమ్మలు, అవ్వలు, మగ్గం దిగి వచ్చిన నాయనలు అందరూ అక్కడే ఉన్నారు. చీకటి పడేలోగా ప్రతి పిల్లవాణ్ని ఒక పెద్ద చేతికి అప్పగించి, పేరు ఎదురుగా గుర్తు పెట్టాం. ఎవరూ రాని ముగ్గురు పిల్లల్ని టీచర్లే ఇంటి గడప దాకా దింపి వచ్చారు.

సోమవారం తరగతిలో కాగితాలు పంచాం. యాత్రకు రాని ఒక అబ్బాయి వేసిన రంగులు చూసి, గీసిన అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ రంగు జరీకి పక్కన నప్పదని ఒకరు, నప్పుతుందని ఒకరు. మూడు రోజులు వాదించుకున్నారు. రెండు జట్లు అన్నది ఆ గొడవలో నాకు కనబడలేదు.

ఇక ముందు యాత్రల సంగతి. డబ్బు ఒకేసారి అడగకుండా జూన్ నుంచి నెలనెలా కొంచెం కొంచెం కట్టించుకుంటున్నాం. డబ్బు కట్టలేక ఆగిపోయేవాళ్లు తగ్గాలని. ఆఖరి రోజుకు చోటు కూడా ముందే రాసిపెట్టాం. దూరం ఏమీ లేదు, మన తాలూకాలోనే ఉన్న నిడగల్లు. ఒకప్పుడు చోళ శాఖ రాజులు ఏలిన కొండకోట. పొద్దున చల్లగా ఉండగా ఎక్కి, మధ్యాహ్నానికి దిగి, ఇంటి దగ్గర కాఫీకి చేరుకోవచ్చు.