వేడెక్కాక మిస్సింగ్

కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే అడవి దారిలో, ఎండాకాలం పాత బుల్లెట్ మొరాయిస్తే మెకానిక్ దగ్గర్లో దొరకడు. ఈ ఇంజన్‌కు రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న ఫిన్స్‌కు తగిలే గాలే దాన్ని చల్లబరుస్తుంది. ఫిన్స్ మధ్య బురద పేరుకుంటే ముందు గీకేయండి.

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయిన బండి, కొంత దూరం పోయాక టప్ టప్‌మని మిస్సింగ్ ఇస్తే చాలామంది కార్బొరేటర్ మీద పడతారు. దయచేసి ఆగండి. ఇంజన్ ఆపి, ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి సాఫీగా నడిస్తే, మూతలోని సన్నని రంధ్రం పూడుకుపోయిందన్నమాట. సూదితో పొడిస్తే చాలు.

అది కాకపోతే పాయింట్ల మూత విప్పి, నీడలో ఇంజన్ నడుస్తుండగా చూడండి. వేళ్లు దూరంగా ఉంచండి. పాయింట్లు విడిపోయే చోట నిప్పురవ్వ కనీకనిపించనట్టు ఉండాలి. పెద్దగా, నీలంగా మెరుస్తుంటే కండెన్సర్ మీద అనుమానపడాలి. చల్లగా ఉన్నంతసేపు బాగానే పనిచేసి, వేడికి చేతులెత్తేసే సామాను అది. టూల్‌కిట్‌లో ఒకటి అదనంగా పెట్టుకోండి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు.

ఇక ప్లగ్గు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. సున్నం పూసినట్టు తెల్లబడితే పెట్రోలు తక్కువైనా కావాలి, కార్బొరేటర్ జాయింటులో గాలి అయినా దూరుతుండాలి. అలా తెల్లబడ్డ బండిని మాత్రం లాగించకండి, పిస్టన్ పట్టేస్తుంది.