పేరు లేని బొమ్మ ఎవరిది?

(రచయిత్రులు, చిత్రకారిణులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసిన ఒక సమావేశంలో ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)



నేను లాయర్ని కాదు. బొమ్మలు వేసుకు బతికేదాన్ని. కాపీరైట్ చట్టం గురించి మాట్లాడమంటే మొదట నావల్ల కాదన్నాను. తర్వాత నా పోస్టరు సంగతి గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

1994లో మన సభ ఒకదానికి పోస్టరు వేశాను. బోరింగు కింద బిందె పెట్టి, అది నిండేలోపల పుస్తకం తెరిచి చదువుకుంటున్న ఆడమనిషి బొమ్మ. కింద నా పేరు వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు. ఉద్యమం బొమ్మకి నా పేరెందుకని నేనే అనుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మనిషి, అదే బిందె, రంగులు పులుముకుని ఒక కంపెనీ డైరీ అట్టమీద కనబడ్డాయి. చేతిలో పుస్తకం లేదు. పుస్తకం తీసేసి సబ్బు పెట్టారు! ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఎవరు వేశారో వెతికామండీ, దొరకలేదు. పేరు లేదు కదా" అంది. ఆ అమ్మాయి అబద్ధమాడిందని ఇప్పటికీ నేననుకోను.

ఈ "వెతికాం, దొరకలేదు" అనే మాట చుట్టూనే చాలా దేశాల్లో చట్టాలు తయారయ్యాయి. కొన్ని బిల్లుల దగ్గరే ఆగిపోయాయి. కాపీరైట్ ఇంకా ఉండి, హక్కుదారు ఎవరో ఎక్కడున్నారో తెలియని రచనలకి 'ఆర్ఫన్ వర్క్స్' అని పేరు పెట్టారు. అనాథ రచనలన్న మాట. ఆ మాటే నాకు మింగుడుపడదు. ఇక్కడ తల్లి లేకపోలేదు. చాలాసార్లు బతికే ఉంది. ఆమె పేరు ఎక్కడో, ఎవరి చేతిలోనో రాలిపోయింది.

అమెరికాలో 2006లో ఒకసారి, 2008లో మరోసారి ఈ బిల్లు వచ్చింది. 2008 సెప్టెంబరులో సెనేట్ ఆమోదించింది కూడా. ప్రతినిధుల సభలో ఆగిపోయింది కాబట్టి చట్టం కాలేదు. 2015లో అక్కడి కాపీరైట్ ఆఫీసు మళ్ళీ అలాంటి చట్టమే కావాలని నివేదిక ఇచ్చింది. బిల్లులో ఉన్నదేమిటంటే, వాడుకునేవారు ముందుగా శ్రద్ధగా వెతకాలి. దొరక్కపోతే వాడుకోవచ్చు. తర్వాత హక్కుదారు బయటపడితే 'సమంజసమైన' సొమ్ము ఇస్తే సరిపోతుంది. అక్కడ మామూలుగా, రిజిస్టర్ చేసుకున్న రచనని తెలిసి కాజేస్తే కోర్టు లక్షా యాభై వేల డాలర్ల దాకా పరిహారం వెయ్యగలదు. లాయరు ఖర్చులూ ఇప్పించగలదు. వెతికామని రుజువు చేసుకున్నవాళ్ళకి ఆ భయం ఉండదు.

దీన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళు చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, బట్టల మీద డిజైన్లు గీసేవాళ్ళు. ఎందుకంటే కథకి శీర్షిక ఉంటుంది, ఒక వాక్యం పట్టుకుని వెతకొచ్చు. బొమ్మకి శీర్షిక ఉండదు. ఫొటో నాలుగు ఫోన్లు మారేసరికి దాని వెనక దాగిన తీసినవారి వివరాలు కూడా చాలాసార్లు ఎగిరిపోతాయి. బెర్న్ ఒప్పందం ప్రకారం రచన పుట్టగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఈ బిల్లు వస్తే, కంప్యూటరు జాబితాల్లో నమోదు చేసుకోని బొమ్మ దొరకని బొమ్మ అయిపోతుంది. వేలకొద్దీ బొమ్మలు గీసిన మనిషి ఒక్కొక్కటీ స్కాన్ చేయించి రుసుము కట్టుకుంటూ కూచోవాలి. ఇంకో చిక్కుంది. ఒక బొమ్మని ఒక్కరికే ఇస్తాననడం మా వృత్తిలో బేరానికి ప్రాణం. వేరెవరో ఎక్కడో వాడేసి, ఆనక 'సమంజసమైన' రేటు ఇస్తే ఆ మొదటి బేరం తిరిగిరాదు.

ఇంతవరకూ విని మీలో కొందరికి ఇబ్బందిగా ఉండాలి. ఉండటం న్యాయమే. స్త్రీల పాత కథల కోసం గ్రంథాలయాల్లో దుమ్ము పీల్చినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్ళు ఉంటుంది. 1970లో పోయిన రచయిత్రి కథలకి 2030 చివరిదాకా ఎవరిదో ఒకరి అనుమతి కావాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కడ? పెళ్ళయి ఇంటిపేరు మారింది. ఊరు మారింది. పత్రిక మూతపడింది. కొందరు కలంపేరుతో రాశారు, కొందరు ఇంట్లో తెలియకుండా రాశారు. దానికి తోడు, రచయిత్రుల నవలలకి గిరాకీ ఉన్నరోజుల్లో మగవాళ్ళు ఆడపేర్లతో రాశారు. ఇప్పుడు ఆ 'శ్రీమతి' ఎవరో వెతకబోతే మీసాలున్న మనిషి దొరుకుతాడు! ఇలాంటి చోట అసలు దారే లేదంటే, ఆ కథలు చెదపురుగులకే మిగులుతాయి. కనక చట్టమే వద్దని నేననను.

మనకి ఒక దారి ముందే ఉంది. కాపీరైట్ చట్టంలో 31-ఎ సెక్షన్. 1983 సవరణతో వచ్చినప్పుడు అచ్చుకాని రచనలకే వర్తించేది. 2012 సవరణతో, అచ్చయి ఇప్పుడు అందుబాటులో లేకుండా పోయిన రచనలకీ విస్తరించింది. రచయిత చనిపోయినా, తెలియకపోయినా, హక్కుదారు దొరక్కపోయినా, ప్రచురణకో అనువాదానికో లైసెన్సు అడగొచ్చు. ఒకప్పుడు కాపీరైట్ బోర్డుని అడిగేవారు, 2021 నుంచి వాణిజ్య న్యాయస్థానాన్ని అడగాలి. రాయల్టీని నిర్ణయించిన ఖాతాలో జమచేస్తే, హక్కుదారో వారసులో ఎప్పుడొచ్చినా తీసుకోవచ్చు. అమెరికా బిల్లు కంటే ఇది నయం. వాడకముందే అనుమతి అడగాలి, డబ్బు ముందే కట్టాలి.

అయితే దరఖాస్తుకి ముందు ప్రకటన ఇవ్వాలి. ఎక్కడ? దేశంలో ఎక్కువ భాగం చేరే ఒక ఇంగ్లీషు దినపత్రికలో, ఒక్కరోజు. అనువాదమైతే ఆ అనువాదభాష పత్రికలో కూడా. అంటే తెలుగు కథని తెలుగులోనే మళ్ళీ అచ్చువెయ్యాలనుకుంటే ఇంగ్లీషు పేపరు ప్రకటన ఒక్కటే చాలు! నిడదవోలులో ఉన్న ఆ రచయిత్రి కూతురు, ఆ ఒక్కరోజు, ఆ ఒక్క పేపరు, ఆ మూల పేజీ చూడాలి. ఇది వెతకడమా, వెతికామనిపించుకోవడమా? రచన ఏ భాషదైతే ఆ భాష పత్రికలో, వీలైతే రచయిత్రి జిల్లా ఎడిషన్‌లో ప్రకటన వెయ్యాలని మనం అడగాలి. ఎవరు వాడుకుంటున్నారు, ఎందుకు అన్నది కూడా చూడాలి. యూరప్‌లో 2012లో వచ్చిన ఆదేశం గ్రంథాలయాలకీ మ్యూజియాలకీ అలాంటి ప్రజాసంస్థలకే ఆ వీలు ఇచ్చింది. విడి ఫొటోలని అందులో చేర్చనేలేదు. సంకలనం వేసే మనకీ, సబ్బు అమ్ముకునే కంపెనీకీ ఒకే తలుపు ఉండకూడదు.

మన చట్టంలో 57వ సెక్షన్ కూడా ఉంది. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవలని సినిమాగా తీస్తూ వక్రీకరించారని కోర్టుకెళ్ళింది. హక్కు అమ్మేసినా రచనని చెడగొట్టకుండా అడ్డుకునే హక్కు రచయితకి మిగులుతుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నా బొమ్మలో పుస్తకం తీసి సబ్బు పెట్టినందుకు నేనూ ఆ సెక్షన్ పట్టుకోవచ్చు. కానీ ముందు ఆ బొమ్మ నాదని రుజువు చేసుకోవాలి కదా? నా దగ్గర ఒరిజినల్ లేదు. అది ప్రెస్సువాళ్ళ దగ్గరే ఉండిపోయింది. డైరీవాళ్ళతో గొడవ అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. స్త్రీల పనిని అనాథ చెయ్యడంలో మన సంఘాల చెయ్యీ ఉంది. అది సమష్టి కృషి, పేరు అడగడం స్వార్థం అనుకున్నాం. కానీ కరపత్రం మీద ఉపన్యాసకుల పేర్లు ఎప్పుడూ మానలేదు. పాట కట్టిన మనిషి పేరు, బొమ్మ వేసిన మనిషి పేరు, ఇంగ్లీషు రిపోర్టుని రాత్రికి రాత్రి తెలుగు చేసిన మనిషి పేరు మాత్రం మానేశాం. 1992లో నెల్లూరు సారా ఉద్యమానికి నిప్పురవ్వ అయిన అక్షరాస్యత పాఠం 'సీతమ్మ కథ' మనందరికీ తెలుసు. ఆ పాఠం రాసినవాళ్ళు ఎవరో, బొమ్మ వేసినవాళ్ళు ఎవరో ఈ గదిలో ఎంతమంది చెప్పగలరు?

పేరు బయటపెడితే ప్రమాదమున్న సందర్భాలు ఉంటాయి. కేసులున్నప్పుడు, ఇంట్లో హింస ఉన్నప్పుడు. అప్పుడు బయట వెయ్యకపోయినా ఆఫీసు రిజిస్టరులో రాసిపెట్టుకోవచ్చు. ఒక గీతల పుస్తకం చాలు.

బయట బల్లమీద మన పాత పోస్టర్లు పరిచాను. ముప్పై ఒకటున్నాయి. నాకు తెలిసినంతలో తొమ్మిదింటికి పేర్లు పెన్సిలుతో వెనక రాశాను. మిగతా వాటిలో ఏదైనా మీరు వేసిందో, మీ ఎదురుగా వేసిందో ఉంటే, టీ తాగేటప్పుడు ఒకసారి చూడండి. పెన్సిలు అక్కడే ఉంది.