పాత కంప్యూటరు, లినక్సు, మన పెన్షను కాగితాలు
(పెనుమూడిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. మన ఇళ్ళలో ఉన్న పదేళ్ళనాటి కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుచేత మనవలు వాటిలో లినక్సు వేసి ఇస్తున్నారు. పైసా ఖర్చు లేదు. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వారు తెలుగు మెనూలతో సైతం ఏనాడో తయారుచేశారు. సంతోషమే. ఆ తరువాత వినబడే ఫిర్యాదులు రెండు: హార్డ్ డిస్కు నత్తనడక నడుస్తోందని, ఫలానా డ్రైవరు లేదని. వాటి గురించే నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఒక్కోసారి ఈ రెండూ ఒకటే జబ్బు. వారధి రాకముందు పులిగడ్డ వెళ్ళాలంటే రేవులో పడవ కోసం కాచుకునేవాళ్ళం. ఇప్పుడు బస్సు తిన్నగా దాటిపోతోంది. డిస్కుకూ మెమరీకీ నడుమ కూడా అటువంటి వారధి ఒకటుంది. దాని పేరు డీఎంఏ. పాత ఐడీఈ బోర్డుల్లో డిస్కు కంట్రోలరుకు తగిన డ్రైవరు దొరకకపోతే లినక్సు ఏదో సాధారణ డ్రైవరుతో సరిపెట్టుకుని, ప్రతి మూటనూ ప్రాసెసరు చేతనే మోయించేది. ఆ పడవ ప్రయాణం పీఐవో. దాని నాలుగో తరగతికి సెకనుకు 16.6 మెగాబైట్లే గరిష్ఠం. వారధి మీద 133 వరకు వెళ్ళవచ్చు. తరువాత వచ్చిన సాటా బోర్డులైతే బయోస్‌లో ఏహెచ్‌సీఐ అని ఉందో, ఐడీఈ అని ఉందో చూడండి. అందులోనే విండోస్ కూడా ఉంటే మార్చడానికి తొందరపడకండి, అది లేవకపోవచ్చు.

ఇవన్నీ తరువాత. నెమ్మదించడం డిస్కు అంత్యకాలపు లక్షణం కూడా కావచ్చు. పీపీఓ నకలు, సర్వీసు కాగితాలు, పిల్లల పెళ్ళి ఫోటోలు ముందుగా వేరే డిస్కులోకి ఎక్కించండి. అప్పుడు స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశం ఇచ్చి, 5, 197 అంకెల వరుసలు చూడండి. అక్కడ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ఏ డ్రైవరూ దాన్ని బతికించదు. 199 పెరుగుతుంటే మాత్రం అనుమానం కేబులు మీద.

మన సభ్యులొకరికి ఒక దుకాణంలో కొత్త కంప్యూటరే కొనమన్నారట. నేను చూస్తే 5, 197 రెండూ సున్నా, 199 మాత్రం వందల్లో ఉంది. కేబులు మార్చాం, అంతే. ఆ సంఖ్య సున్నాకు రాదు, పెరగడం ఆగుతుంది. అది చూసి ఆయన మళ్ళీ కంగారుపడ్డారు!

ఇక డ్రైవర్లు. విండోస్‌కు మాదిరి సీడీ కోసం వెతకనక్కరలేదు. చాలా డ్రైవర్లు లినక్సు కెర్నెల్‌లోనే ఉంటాయి. ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ కే అని కొడితే ఏ పరికరానికి ఏ డ్రైవరు పట్టిందో వరుసగా చూపుతుంది. వైఫై రాకపోతే తరచు లోపించేది డ్రైవరు కాదు, ఫర్మ్‌వేరు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి దాన్ని ఇన్‌స్టాలరులోనే పెడుతున్నారు. అంతకు పాతదైతే ఫోనును కేబులుతో తగిలించి, ఫోను నెట్టుతోనే దించుకోవచ్చు.

లినక్సుతో మనకు నిజంగా చిక్కు వచ్చేది వేలిముద్ర దగ్గరే. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ సాఫ్ట్‌వేరును విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారుచేశారు. కాబట్టి నవంబరులో లినక్సు కంప్యూటరుకు వేలిముద్ర యంత్రం తగిలించి కుస్తీ పట్టకండి. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఫోనులోనే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ రెండూ ఉండాలి. వేళ్ళు అరిగి ముద్ర పడనివారికి ఇదే సుఖం.

భోజనాలయ్యాక ఫోన్లు తీసుకుని ఇటు రండి, ఆ రెండు యాప్‌లూ ఎక్కిద్దాం.