మోతిబిందు ముదిరేదాకా ఆగొద్దు
(కంటి పరీక్షలో ఆపరేషన్ చీటీ వచ్చినవారికి చెప్పిన మాటలు)



మీలో కొందరికి కంటి పరీక్ష చేసి అద్దాలు ఇచ్చినం. కొందరికి మాత్రం అద్దాలతో పని కాదని ఆపరేషన్ చీటీ రాసిచ్చినం. ఈ మాటలు చీటీ వచ్చినవాళ్ల కోసం. అద్దాలు తీసుకున్నవాళ్లు పెట్టుకొని తిరుగుతున్నరు. చీటీ తీసుకున్నవాళ్లలో చాలామంది దాన్ని మడిచి గూట్లో పెడుతున్నరు. అడిగితే వరికోతలు కానీయమంటరు, మనుమరాలి పెండ్లి కానీయమంటరు, ఇంకా ముదరలేదంటరు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. పరీక్ష మీ ఊరికే నడిచి వచ్చింది గని, ఆపరేషన్ అట్ల రాదు. దానికి మీరే కదలాలె.

ముందు మోతిబిందు అంటే ఏందో చూద్దాం. దీన్నే శుక్లం అంటరు. మన దగ్గర "కంటికి పొర వచ్చింది" అంటరు గని, నిజానికి కంటి మీద ఏ పొరా రాదు. నల్లగుడ్డు నడుమ చిన్న బొక్క కనపడుతది కదా, దాని వెనక అద్దం బిళ్ల లాంటి కటకం ఉంటది. చిన్నప్పుడు అది నీళ్లంత తేటగా ఉంటది. కోడిగుడ్డు పగలగొడితే తెల్లసొన తేటగా ఉంటది, పొయ్యి మీద పెడితే తెల్లబడుతది. కటకం కూడా వయసుతో అట్లనే మెల్లగా తెల్లబడుతది. ఉడికిన గుడ్డు మళ్లా పచ్చి గుడ్డు కాదు. అందుకే చుక్కల మందుతోని, ఆకు పసరుతోని మోతిబిందు కరగదు. పసరు పోసుకొని కండ్లు పుండ్లు చేసుకొని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నరు. దయచేసి ఆ పని చేయొద్దు.

వయసే పెద్ద కారణం. షుగర్ ఉన్నవాళ్లకు, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవాళ్లకు, కంటికి దెబ్బ తగిలినవాళ్లకు ముందుగానే వస్తది. ఒక కంటి నుంచి ఇంకో కంటికి అంటుకునే రోగం కాదు. బీడీలు చుట్టి చుట్టి కండ్లు అరిగిపోయినయని కొందరు అమ్మలు అంటరు. పని చేస్తే కండ్లు అరగవు.

ఎట్ల గుర్తుపడతరంటే, చూపు మసకబారుతది, రాత్రి బండ్ల లైట్లు కంట్లో చెదిరిపోతయి, రంగులు వెలిసినట్టు ఉంటయి, అద్దాల నంబరు ఊకె మారుతది. ఇంకో తమాషా ఉంది. కొందరికి మోతిబిందు మొదలైనప్పుడు అద్దాలు లేకుండానే పేపరు కనపడుతది. చూపు తిరిగి వచ్చిందని సంబురపడతరు. అది చూపు రావడం కాదు, కటకం మారుతున్న గుర్తు.

ఇగ ముదిరే సంగతి. ఒకప్పటి ఆపరేషన్‌లో కటకాన్ని మొత్తంగా బయటికి తీసేవాళ్లు. దానికి ముదిరినాక చేయడమే సులువు. తీసిన చోట పెట్టడానికి ఏమీ ఉండేది కాదు, అందుకే మన తాతలు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని తిరిగిండ్రు. ఆ కాలం మాటే మన చెవుల్లో ఉండిపోయింది. కంట్లో కృత్రిమ కటకం పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టర్ మొదలుపెట్టిండు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివాళ్లు ఆరోల్యాబ్ పెట్టి ఆ కటకాలు మన దేశంలోనే తక్కువ ధరకు తయారుచేసిండ్రు. పేదోళ్ల కండ్లలోకి కటకం వచ్చిందంటే అందులో వాళ్ల పని చాలా ఉంది.

ఇప్పుడు ముదిరేదాకా ఆగితే లాభం లేదు, నష్టం ఉంది. బాగా ముదిరిన కటకం రాయిలెక్క గట్టిపడుతది, ఆపరేషన్ కష్టమైతది. కొందరిలో అది ఉబ్బి కంట్లో ఒత్తిడి పెంచుతది. కన్ను ఎర్రబడి, తలకాయ పగిలేటంత నొప్పి, వాంతులు వస్తయి. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకొని రెండు రోజులు ఆగితే లోపలి నరం చచ్చిపోతది. ఆ చూపు ఇగ రాదు. మోతిబిందుతో పోయిన చూపు ఆపరేషన్‌తో వస్తది గని, నరం చచ్చి పోయిన చూపు ఏ డాక్టరూ తేలేడు.

ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగర్ చూస్తరు, కన్నీటి గొట్టం బాగుందా చూస్తరు, ఏ నంబరు కటకం పెట్టాలో కొలుస్తరు. షుగర్ ఎక్కువుంటే వాయిదా వేస్తరు. తిప్పుతున్నరని కోపం చేసుకోవద్దు, అది మీ కన్ను కోసమే. రోజూ వేసుకునే గోళీలన్నీ సంచిలో వేసుకొని తెచ్చి చూపించండి. రక్తం పలచన చేసే గోళీలు, మగవాళ్లు మూత్రం సాఫీగా రావడానికి వేసుకునే గోళీల గురించి తప్పక చెప్పండి. ఆ రెండో రకం గోళీలతో ఆపరేషన్ అప్పుడు కంటిపాప వదులైతది, డాక్టర్‌కు ముందే తెలిస్తే జాగ్రత్త పడతరు. మీ అంతట మీరు ఏ గోళీ ఆపొద్దు.

ఆ రోజు కాటుక పెట్టుకోవద్దు. తినాలా వద్దా అన్నది అక్కడి సిస్టర్ చెప్పినట్టు చేయండి. పూర్తి మత్తు ఇవ్వరు. కంటి పక్కన సూది వేస్తరు, లేదంటే చుక్కలతోనే తిమ్మిరి చేస్తరు. సూది కాసేపు నొప్పి పెడుతది, ఉన్న మాట చెప్పాలె. తర్వాత మొహం మీద బట్ట కప్పుతరు. పెద్ద వెలుగు కనపడుతది, నీళ్లు పడ్డట్టు, ఒత్తినట్టు తెలుస్తది, మిషన్ చప్పుడు వినపడుతది. కన్ను బయటికి తీసి కడుగుతరన్నది ఉత్త మాట. చిన్న కోత పెట్టి, తెల్లబడ్డ కటకం తీసి, కొత్తది పెడతరు. ఎక్కువమందికి కుట్లు కూడా ఉండవు. చాలామందికి అరగంట లోపలే అయిపోతది. దగ్గు వస్తే, భయమైతే నోటితో చెప్పండి, తల కదపొద్దు.

తెల్లారి పట్టీ తీసినప్పుడు కొందరికి వెంటనే తేటగా ఉంటది, కొందరికి కొన్ని రోజులు పడుతది. కంట్లో ఇసుక పడ్డట్టు, నీళ్లు కారినట్టు ఉంటే రంది పడొద్దు. చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలె. చేతులు సబ్బుతో కడుక్కొని, సీసా మూతి కంటికి తగలకుండా వేయాలె. బాగైందని నడుమ ఆపొద్దు. కన్ను నలపొద్దు, తలస్నానం డాక్టర్ సరే అన్నాకే. కల్లం దుమ్ము, బర్రెల కొట్టం, కట్టెల పొయ్యి పొగ, బరువులు ఒక నెలన్నా దూరం పెట్టండి. అందుకే నాట్లు, కోతలు లేని నెల చూసుకొని పేరు రాయించుకోండి. పత్యం ఏమీ లేదు. గుడ్డు, కూర, చింతపులుసు అన్నీ తినొచ్చు, షుగర్ ఉన్నవాళ్లు షుగర్ పత్యం చేస్తే చాలు. టీవీ కూడా చూడొచ్చు.

ఇంటికి వచ్చినంక నొప్పి పెరిగినా, కన్ను బాగా ఎర్రబడినా, చీము పట్టినా, వచ్చిన చూపు తగ్గినా, అదే రోజు ఆపరేషన్ చేసిన దవాఖానకు పోవాలె. రాత్రైనా సరే ఫోన్ చేయండి. చీము పట్టడం చాలా అరుదు గని, పడితే గంటల మీద నడుస్తది.

చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి చాలామందికి అద్దాలు కావాలె, నెల తర్వాత నంబరు రాసిస్తరు. షుగర్‌తో తెరపొర చెడినవాళ్లకు, నీటికాసులు ఉన్నవాళ్లకు, నల్లగుడ్డు మీద పువ్వు ఉన్నవాళ్లకు పూర్తి చూపు రాకపోవచ్చు. ఎంత వస్తదో ముందే అడగండి. కొన్ని నెలలకో ఏండ్లకో మళ్లా మసకైతే మోతిబిందు తిరిగి వచ్చినట్టు కాదు, కటకం వెనక సంచి మసకబారినట్టు. లేజర్‌తో కూసున్న కాడనే సరిచేస్తరు.

కొడుకులకు, కోడండ్లకు ఒక మాట. "ఇంత వయసుకు ఇంకేం కండ్లు" అని అవ్వ తానే అంటది. డబ్బు గురించి, తోడు గురించి ఆలోచించి అట్ల అంటది. కనపడక గడప దగ్గర పడి తుంటి ఎముక విరిగితే అప్పుడు మంచం దగ్గర నెలలకొద్దీ ఒకరు కూసోవాలె. ఆపరేషన్‌కు తోడు రెండు మూడు రోజులే.

సర్కారు దవాఖానలో ఈ ఆపరేషన్‌కు పైసలు అడగరు. మీ చీటీ మీద హుజూరాబాద్ ఏరియా ఆసుపత్రి, కరీంనగర్ పెద్దాసుపత్రి, రేకుర్తి లయన్స్ కంటి ఆసుపత్రి, హైదరాబాద్ సరోజినీదేవి కంటి దవాఖాన, వీటిలో ఏది రాసి ఉందో చదివించుకోండి. పోయే రోజు ఏదన్నది మీ ఊరి ఆశ కార్యకర్తనో, ఏఎన్ఎంనో అడగండి. చీటీ పోయినా ఫరవా లేదు, మళ్లా రాసిస్తరు. ఆధార్, రేషన్ కార్డు, పాత మందుల చీటీలు, గోళీల సంచి, తోడుకు ఒక మనిషిని తీసుకొని రండి.